పెరట్లోకి వెళ్లి ఎన్నాళ్లయింది?

ఓపీలో బీపీ చూసేటప్పుడు నేను అడిగే ప్రశ్నల్లో ఒకటి చాలామందికి వింతగా అనిపిస్తుంది. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా అని అడిగాక, 'ఇంట్లో ఏం పనులు చేస్తున్నారు? పెరట్లోకి వెళ్తున్నారా?' అంటాను. 'ఆయ్, ఇంకా మనకెందుకండీ ఆ పనులు' అని నవ్వేస్తారు రిటైరైన మాస్టార్లు. 'చెయ్యక చస్తానా డాక్టరుగారూ' అంటారు పక్కనే నిలబడ్డ వాళ్ల ఇంటావిడలు. ఒకే ఇంట్లోంచి వచ్చిన ఈ రెండు జవాబులూ నాకు బీపీ రీడింగు కన్నా ఎక్కువ చెబుతాయి. ఒకరికి పొద్దు గడవదు. ఇంకొకరికి పొద్దు చాలదు. ఇద్దరికీ రాత్రి నిద్ర పట్టదు.

మీది అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా, చిన్నప్పటి ఇంటిని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వెనక నాలుగు కొబ్బరిచెట్లు, నూతి పక్కన అరటి పిలకలు, పందిరి మీద పొట్లపాదు, గోడవార కంద, కంచెకు అల్లుకున్న బచ్చలి. గోదావరి పాయల మధ్య ఒండ్రు నేల మనది. పుల్ల గుచ్చినా చిగురు వేసే చోటు. అలాంటి చోట కూడా ఇప్పుడు పెరళ్లకు సిమెంటు వేయిస్తున్నారు. 'చెత్త పడకుండా ఉంటుందని' అంటారు. పిల్లలు హైదరాబాదులోనో, కువైట్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. అంత పెద్ద ఇంట్లో ఇద్దరే మిగులుతారు. తోడు ఒక టీవీ, రెండు ఫోన్లు, ఒక మందుల డబ్బా.

సంతోషం కోసం తీర్థయాత్రకో, టూరుకో వెళ్లిరండి, మంచిదే. కానీ ఏడాదిలో మిగతా మూడొందల యాభై రోజులూ గడిచేది వంటింట్లో, వసారాలో, పెరట్లో. ఆ రోజులు ఎలా గడుస్తున్నాయన్న దాని మీదే మీ మనసు ఆరోగ్యం ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. డాక్టరుగా నాకు అందులోనే ఆసక్తి.

చేతులు కదిలితే మనసుకేం జరుగుతుంది?

ఈనెల చీపురు కట్టడం చూసే ఉంటారు. రాలిన కొబ్బరి మట్ట తెచ్చి, ఒక్కో ఆకునూ కత్తితో చీరి ఈనె తీయాలి. ఎండబెట్టాలి. గుప్పెట నిండాక మొదళ్లు సమం చేసి తాడుతో బిగించాలి. బజారులో కొంటే పెద్ద ఖరీదేమీ కాదు, కాబట్టి లెక్కల్లో చూస్తే ఇది దండగ పని. కానీ ఆ గంటసేపు కన్ను, చెయ్యి ఒకచోట ఉంటాయి. ఈనె తెగకుండా చూసుకునే మనిషికి కోడలు ఫోన్ చేయలేదన్న సంగతి కాసేపు గుర్తు రాదు. గంట తర్వాత చేతిలో ఒక వస్తువు ఉంటుంది. టీవీ ముందు గడిపిన గంటకు ఈ రెండూ ఉండవు.

ఇది వట్టి మాట కాదు. నెదర్లాండ్స్‌లో 2011లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 30 మంది తోటపని అలవాటున్నవాళ్లకు ముందు కావాలనే ఒత్తిడి కలిగించారు. తర్వాత సగం మందిని అరగంట తోటపనికి, మిగతావారిని అరగంట గదిలో కూర్చుని చదువుకోవడానికి పంపారు. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ ఇద్దరిలోనూ తగ్గింది, తోటలోకి వెళ్లినవాళ్లలో ఇంకా ఎక్కువ తగ్గింది. అమెరికాలోని ఫ్లోరిడాలో అంట్లు తోమడం మీద కూడా పరిశోధన చేశారు. 51 మంది విద్యార్థుల్లో కొందరికి సబ్బు వాసన, నీటి వెచ్చదనం, చేతిలోని గిన్నె మీద ధ్యాస పెట్టి తోమమని చెప్పారు. వాళ్లలో కంగారు తగ్గింది. మామూలుగా తోమినవాళ్లలో తగ్గలేదు. రెండూ చిన్న పరిశోధనలే, వీటిని పట్టుకుని అంట్లు తోమితే డిప్రెషన్ పోతుందని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నమ్మకండి.

డిప్రెషన్ విషయంలో ఇంతకన్నా గట్టి ఆధారం మన దేశంలోనే ఉంది. మనసు బాగోనప్పుడు పనులు మానేస్తాం. మానేసినకొద్దీ మనసు ఇంకా కుంగుతుంది. 'మూడ్ వచ్చాక చేస్తాలే' అనుకుంటే ఆ మూడ్ రాదు. అందుకని ముందు చిన్న పని మొదలుపెట్టించి, మనసును దాని వెనక రప్పించే చికిత్స ఒకటి ఉంది. దాన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. గోవాలో 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన, డిప్రెషన్ బాగా ముదిరిన 495 మందిపై ఈ పద్ధతిని పరీక్షించారు. కౌన్సెలింగ్ చేసినవాళ్లు మానసిక వైద్యులు కారు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మూడు నెలలకు ఈ కౌన్సెలింగ్ అందినవాళ్లలో నూటికి 64 మంది తేరుకున్నారు, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 39 మంది. మొక్కకు నీళ్లు పోయడం, బియ్యం ఏరడం, దేవుడి గూడు తుడవడం లాంటివి ఇందుకు చక్కగా సరిపోయే పనులు. రోజూ ఒకే వేళకు, ఓపిక ఉన్నా లేకపోయినా పదినిమిషాలు చేయాలి.

మాస్టారి వంతు ఎంత?

ఇంటిపనిలో ఆనందం వెతుక్కోండి అని ఎవరైనా చెబితే సాధారణంగా ఆ మాట ఆడవాళ్ల వైపే తిరిగి ఉంటుంది. నాకది నచ్చదు. 2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతటా చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం రోజులో ఇంటిపని కాస్తయినా చేసినవాళ్లు ఆడవాళ్లలో నూటికి 81 మంది, మగవాళ్లలో 26 మంది. చేసినవాళ్లలో కూడా ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేశారు. అంటే ఆవిడకు రోజుకు దాదాపు అయిదు గంటలు. పొద్దున్న కల్లాపి నుంచి రాత్రి పాలు తోడు పెట్టేదాకా ఆగని మనిషికి 'గిన్నె మీద ధ్యాస పెట్టమ్మా' అని సలహా ఇవ్వడం పుండు మీద కారమే. ఆవిడకు కావాల్సిన మందు మధ్యాహ్నం ఒక గంట నడుం వాల్చడం. ఆ గంట ఇంట్లో ఇంకెవరైనా పని అందుకుంటేనే దొరుకుతుంది.

అందుకే పొద్దు గడవని మాస్టారుగారికి నేను మాత్రలతో పాటు పని కూడా రాస్తాను. కూరలు తరగడం, మడత పెట్టాల్సిన బట్టలు, పెరడు బాధ్యత పూర్తిగా ఆయనవి. 'సాయం చేస్తున్నా' అనకూడదు, ఆ పని ఆయనదే. మొదటివారం పొట్లకాయ ముక్కలు వంకరటింకరగా ఉంటాయి. అమ్మగారూ, దయచేసి కత్తిపీట వెనక్కి లాక్కోకండి. మీరు లాక్కుంటే ఆయన మళ్లీ పేపరు పట్టుకుంటారు.

'ఇంటిపని చేస్తున్నాం, వాకింగ్ ఎందుకు?' అని చాలామంది అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి. ఇంటిపని కూడా అందులోకి వస్తుంది. అయితే ఏ పని అన్నది ముఖ్యం. పెరడు ఊడవడం, పాదులు తీయడం, నేల తుడవడం, బకెట్లు మోయడం ఓ మోస్తరు శ్రమే. పొయ్యి దగ్గర నిలబడి వండటం మాత్రం తేలిక పని కిందే లెక్క. ఎంత అలసట వచ్చినా గుండె వేగం అంతగా పెరగదు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు పెరటిపని ఉన్న రోజు వాకింగ్ తగ్గించుకోవచ్చు, వంట మాత్రమే చేసిన రోజు నడవాల్సిందే.

ముగ్గు మానేసిందంటే

ఇంట్లో పెద్దవాళ్లున్న ప్రతి కుటుంబం ఈ భాగం శ్రద్ధగా చదవాలని నా కోరిక. ఏళ్ల తరబడి ఇష్టంగా చేసిన పనిని మనిషి మానేస్తే దాన్ని వయసు మీద నెట్టేయకండి. రోజూ ముగ్గు వేసే అమ్మ నాలుగు గీతలతో సరిపెడుతోంది. మల్లెమొగ్గలు కోయకుండా చెట్టు మీదే పూసి రాలుతున్నాయి. ఆవకాయ పెట్టే వేసవిలో 'ఈసారి కొనేద్దాంలే' అంది. చేసే పనిలో రుచి పోవడం డిప్రెషన్ ముఖ్య లక్షణాల్లో ఒకటి. చాలామంది పెద్దవాళ్లు ఏడవరు, దిగులుగా ఉందని అనరు. నడుం నొప్పి, గ్యాస్, నీరసం అంటారు, అంతే.

ప్రతిదీ మనసు జబ్బే కానక్కర్లేదు. రక్తహీనత, థైరాయిడ్ తగ్గడం, బీ12 లోపం, అదుపు తప్పిన షుగర్ కూడా మనిషిని ఇలాగే కూలబెడతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. 'బద్ధకం' అని పేరు పెట్టిన దాంట్లో ఎంత భాగం హిమోగ్లోబిన్ తక్కువవడమో ఆలోచించండి. ఇంకో సంగతి, పులుసు పెట్టే వరస మర్చిపోవడం, స్టవ్ ఆపానా లేదా అని పదేపదే తికమక పడటం కనబడితే మతిమరుపు జబ్బు కోసం పరీక్ష చేయించాలి.

ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయి రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి. మీరు దూరంగా ఉంటే ఫోన్‌లో 'బాగున్నావా అమ్మా' అని మాత్రమే అడగకండి, 'బాగున్నాను' అనే వస్తుంది. 'పందిరి మీద ఏం కాసింది? ఇవాళ ఏం వండావు?' అని అడగండి. ఆ జవాబు పొడుగునుబట్టి మీకే తెలుస్తుంది. చనిపోవాలన్న మాట వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. వాళ్లను ఒంటరిగా వదలకండి. టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

పెరట్లోకి దిగే ముందు

ఉత్సాహం వచ్చి కడియం నర్సరీల నుంచి కారు నిండా మొక్కలు తెచ్చుకునేవాళ్లను చూశాను. నెల తిరక్కుండా సగం ఎండిపోతాయి, దాంతో పాటు ఉత్సాహమూ. బచ్చలితో మొదలుపెట్టండి. కూరకు తెచ్చిన కట్టలో ముదురు కాడ ఒకటి తీసి తడి మట్టిలో గుచ్చితే చాలు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పాత బకెట్ అయినా సరే. కంద దుంప తెచ్చుకుంటే కంద బచ్చలి కూర ఎలాగూ తెలుసు కదా.

వానాకాలంలో మన దొడ్లలో పాచి పడుతుంది. దాని మీద జారి తుంటి ఎముక విరిగితే పెద్దవాళ్లు మళ్లీ లేచి తిరగడం కష్టం. నూతి దగ్గర, దొడ్డిదారిలో పాచి గీకించి, పట్టున్న చెప్పులు వేసుకోండి. బీపీ మాత్రలు వాడేవాళ్లు వంగి కలుపు తీసి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి, చిన్న పీట వేసుకుని కూర్చోండి. కొబ్బరి డొక్కల పోగుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి. పాము కరిస్తే కట్లు బిగించడం, గాటు పెట్టడం వద్దు, కదలకుండా ఉంచి తిన్నగా ఆసుపత్రికి తీసుకురండి. కొబ్బరి చిప్పల్లో, కుండీ పళ్లేల్లో నిలిచిన నీటిలో డెంగీ దోమ వారం పదిరోజుల్లో గుడ్డు నుంచి పెద్దదవుతుంది, శుక్రవారం శుక్రవారం వాటిని బోర్లించండి. ఎండాకాలంలో తొమ్మిదిలోపే పని ముగించాలి. టీటీ ఇంజెక్షన్ చేయించుకుని పదేళ్లు దాటిందేమో చూసుకుని, దాటితే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి.