ఆపితే చెరిగిపోయే సాక్ష్యం

బ్యాటరీ లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే విప్పి చూస్తే చాలదా అని మొన్న క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. లిథియం సెల్‌ని ఇంట్లో ఎవరూ విప్పకూడదు, అంటుకుంటుంది. ప్రయోగశాలలో జాగ్రత్తగా విప్పినా ఒక్కోసారి అసలు సంగతి దొరకదు. అందుకు ఎల్‌ఎఫ్‌పీ కథే సాక్ష్యం.

ఎల్‌ఎఫ్‌పీ అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఇన్వర్టర్లలో, ఎలక్ట్రిక్ కార్లలో ఇప్పుడు విరివిగా వాడుతున్నారు. 1997లో దీన్ని పరిచయం చేసిన జాన్ గుడినఫ్ బృందం, తక్కువ పవర్ పనులకే ఇది బాగుంటుందని రాసింది. కారణం ఉంది. ఛార్జ్ చేసేటప్పుడు ఇందులోంచి లిథియం వెళ్ళిపోతుంది. సగం ఛార్జ్‌లో ఆపి పరీక్షిస్తే సగం ఖాళీ అయిన స్ఫటికం కనబడదు. లిథియం నిండిన స్ఫటికం, ఖాళీ స్ఫటికం, ఈ రెండే ఉంటాయి. అంటే రెంటి మధ్య సరిహద్దు స్ఫటికంలో మెల్లగా జరుగుతూ పోవాలి. అది నిదానమైన పని. కానీ రేణువులను నానో పరిమాణానికి తగ్గించి కార్బన్ పూత పూస్తే, ఇదే పదార్థం నిమిషాల్లో ఛార్జ్ అయింది! చిన్న రేణువులు సరిహద్దు లేకుండానే మధ్య దశల గుండా దాటిపోగలవని 2011లో గెర్‌బ్రాండ్ సీడర్ బృందం లెక్కగట్టింది. ఇక చూసి తేల్చాలి.

చూసేది ఎక్స్-కిరణాలతో. స్ఫటికంలో పరమాణువుల వరసల మధ్య ఎడాన్ని బట్టి ఆ కిరణాలు ఒక్కో కోణంలో బయటికొస్తాయి. ఖాళీ స్ఫటికం నిండుదానికన్నా దాదాపు 7 శాతం చిన్నది కాబట్టి ఆ కోణాలను గీసిన గ్రాఫ్‌లో రెంటి శిఖరాలూ వేర్వేరు చోట్ల లేస్తాయి. చిక్కంతా సెల్ కిటికీతోనే. కిరణాలు లోపలికి పోవాలి, గాలి పోకూడదు. కిటికీ వంగితే దాని వెనుక ఒత్తిడి తగ్గి, సరిగ్గా మనం చూసే చోటే చర్య వెనకబడుతుంది. అమెరికాలోని ఆర్గాన్ ల్యాబ్ వాళ్ళు గాజులాంటి గట్టి కార్బన్‌తో కిటికీ పెట్టారు. అది వంగదు, కరెంటును పోనిస్తుంది, ఎక్స్-కిరణాలనూ పోనిస్తుంది.

2014లో క్లేర్ గ్రే బృందం అలాంటి కిటికీ ఉన్న సెల్‌ని వేగంగా ఛార్జ్, డిశ్చార్జ్ చేస్తూనే కొలిచింది. రెండు శిఖరాల మధ్య ఖాళీ నిండింది. మధ్య దశలు నిజంగానే ఉన్నాయి! కరెంటు ఆపితే మాత్రం, గంట కొట్టగానే పిల్లలు ఎవరి బెంచీల్లోకి వాళ్ళు చేరినట్టు, లిథియం రేణువుల మధ్య సర్దుకుని మళ్ళీ ఆ రెండు రూపాలే మిగులుతాయి. విప్పి చూసేవాళ్ళకు దొరికేది ఆ సర్దుబాటే.

ఆ తర్వాత పద్ధతులు పెరిగాయి. 2021లో కేంబ్రిడ్జ్ వాళ్ళు మామూలు కాంతితో పనిచేసే మైక్రోస్కోపు కిందే, ఒక్కొక్క రేణువులో లిథియం కదలికను చూపించారు. బలమైన ఎక్స్-కిరణాలనిచ్చే ఇండస్-2 సింక్రోట్రాన్ మన ఇండోర్‌లోనూ ఉంది. భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుతున్న పిల్లలు ఈ రంగంలోకి రావాలి. బ్యాటరీ ఎంత వేగంగా ఛార్జ్ కాగలదో తేల్చాల్సింది పనిచేస్తున్న సెల్‌ని చూసే.