మీకు తెలుసా? లిఫ్టు ఉన్న బీరువా!

అయిజ నుంచి హైదరాబాదు వెళ్లినవాళ్లలో చాలామంది చార్మినార్ చూసి తిరిగొచ్చేస్తారు. దానికి దగ్గర్లోనే పురానీ హవేలీ ఉంది. అందులో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) బట్టల బీరువాను తప్పక చూడాలి. బర్మా టేకుతో రెండంతస్తులుగా చేసిన ఆ బీరువా భవనంలో ఒక భాగం పొడవునా సాగుతుంది. మధ్యలో నడుస్తుంటే రెండు పక్కలా అల్మరా తలుపులే. పై అరలకు చేరడానికి చెక్క లిఫ్టు. కరెంటుతో పనిలేదు, చేత్తో తిప్పితే కదిలేది. ఏ జతా రెండోసారి వేసుకునేవాడు కాదని చెబుతారు. మన గద్వాల సంస్థానం కప్పం కట్టింది ఈ నిజాములకే.

ఈ హవేలీలో నిజాం మ్యూజియం 2000లో తెరుచుకుంది. శుక్రవారం సెలవు.