గాలిలోంచి గుర్రాలు!

కారు శక్తి పెరగాలంటే పెట్రోలు ఎక్కువ తాగిస్తే సరిపోతుందా? మోత పెద్దదైతే వేగం పెరిగినట్టేనా? కానే కాదు. అమెరికా 'మజిల్ కార్ల' మెకానిక్కులు అరవయ్యేళ్లుగా నమ్ముకున్న సూత్రం... మన సీమ రైతుకు బాగా తెలిసిన బోరు లెక్కే!

వేంపల్లెలో 'హెచ్‌పీ' అన్న మాట వినగానే ముందు గుర్తొచ్చేది కారు కాదు, బోరు మోటారు. అయిదు హెచ్‌పీ దించారా, ఏడున్నర దించారా అన్నదే ఇక్కడి మాట. అరటి, చీనీ తోటలున్న ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా ఈ లెక్క తెలుసు. ఇంకో లెక్క కూడా తెలుసు. బోర్లో ఊరేది ఇంచి నీళ్లే అయితే, పది హెచ్‌పీ మోటారు దించినా పైకొచ్చేది ఆ ఇంచే. కాసేపు జోరుగా పోస్తుంది. తర్వాత నీళ్లకు బదులు గాలి తన్నుతుంది. చూసుకోకపోతే మోటారు కాలిపోతుంది. ఆ పైన పైపులు లాగే కూలీ, వైండింగు ఖర్చు, ఈలోపు వాడిపోయే తోట... అన్నీ రైతు నెత్తినే.

కార్ల శక్తిని పెంచే విద్య మొదలయ్యేదీ ఇక్కడే. కాకపోతే అక్కడ నీళ్ల బదులు గాలి. ఇంజనుకు గాలి ఎంత అందితే అంత బలం. అది అందకుండా ఏం చేసినా ఎండిన బోరుకు పెద్ద మోటారు బిగించినట్టే!

ఇంతకీ గుర్రమెంత?

'హార్స్‌పవర్' అన్న కొలతను ప్రచారంలోకి తెచ్చింది జేమ్స్ వాట్. తన ఆవిరి యంత్రాలు ఎన్ని గుర్రాల పని చేస్తాయో కొనేవాళ్లకు చెప్పాలి కదా! అందుకే 33 వేల పౌండ్ల బరువును నిమిషంలో ఒక అడుగు ఎత్తగలిగితే దాన్ని ఒక గుర్రం శక్తి అన్నాడు. మన లెక్కలో సుమారు 15 టన్నులు. కరెంటు లెక్కలో 746 వాట్లు.

మనదేశంలో మధ్యతరగతి ఇంటి ముందు తొలిసారి నిలబడ్డ మారుతి 800 శక్తి సుమారు 37 హార్స్‌పవర్. అంటే ఏడున్నర హెచ్‌పీ బోరు మోటార్లు అయిదు. 2016లో ఫోర్డ్ కంపెనీ ఇక్కడ విడుదల చేసిన మస్టాంగ్ జీటీ శక్తి 395. అంటే అవే మోటార్లు యాభైకి పైగా ఒక్క బానెట్ కింద ఉన్నట్టు!

కండల కారు కథ

ఆ మస్టాంగ్‌ది మజిల్ కార్ల వంశం. మామూలు సైజు కారులో పెద్ద కారు ఇంజను పెట్టి, కుర్రాళ్లు కొనగలిగే ధరకు అమ్మడమే మజిల్ కారు కిటుకు. 1964 మోడల్ పాంటియాక్ జీటీఓతో ఈ మోజు ఊపందుకుందంటారు. అప్పటికి మాతృసంస్థ జనరల్ మోటార్స్ ఆ సైజు కార్లలో పెద్ద ఇంజన్లు పెట్టకూడదని నియమం పెట్టుకుంది. పాంటియాక్ చీఫ్ ఇంజినీరు జాన్ డెలోరియన్ బృందం దానికో ఉపాయం కనిపెట్టింది. కొత్త కారు అంటే కదా అభ్యంతరం! పాత 'టెంపెస్ట్' కారుకే అదనపు హంగుల పేరుతో 6.4 లీటర్ల వీ8 ఇంజను బిగించి ఇచ్చింది. తొలి ఏడాదే 32,450 అమ్ముడయ్యాయి.

ఆ కారులోనే మన బోరు లెక్కకు రుజువుంది. మామూలు జీటీఓ శక్తి 325 హార్స్‌పవర్. అదే ఇంజనుకు ఒక్క కార్బ్యురేటర్ బదులు మూడు బిగించిన రకానికి 348. ఇంజను సైజు మారలేదు. గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే దారి వెడల్పయింది. అంతే... ఇరవై మూడు గుర్రాలు అదనంగా వచ్చి చేరాయి!

ఊపిరిలోనే ఉంది కిటుకు

ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. అంటే లీటరు పెట్రోలుకు సుమారు తొమ్మిది వేల లీటర్ల గాలి! పెట్రోలు ఎక్కువ పొయ్యడం తేలికే. గాలిని లోపలికి లాగడమే కష్టం. ట్యూనింగ్ చేసేవాళ్ల తిప్పలన్నీ అందుకే.

మొదటి దారి... ఊపిరి సాఫీగా ఆడేలా చూడటం. గాలి ఫిల్టరు, లోపలికి వెళ్లే గొట్టాలు, వాల్వులు, పొగ బయటికెళ్లే ఎగ్జాస్టు... ఎక్కడ ఇరుకుంటే అక్కడ వెడల్పు చేస్తారు. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో నిర్ణయించే క్యామ్‌షాఫ్ట్‌ను మారుస్తారు. దీంతో ఎక్కువ వేగం దగ్గర బలం పెరుగుతుంది. కానీ ట్రాఫిక్‌లో నిదానంగా నడిపేటప్పుడు ఇంజను కుదుపులు పెట్టొచ్చు. ఒకచోట వస్తే ఇంకోచోట పోతుందన్నమాట.

రెండోది... గాలిని బలవంతంగా కూరడం. ఇంజను నుంచి బెల్టుతో తిరుగుతూ గాలి నెట్టేది సూపర్‌చార్జర్. బయటికి పోయే పొగ తోపుతోనే తిరిగేది టర్బో. 2015 మోడల్ డాడ్జ్ చాలెంజర్ హెల్‌క్యాట్ సూపర్‌చార్జర్‌తోనే 707 హార్స్‌పవర్ అందుకుంది. అయితే పూర్తి వేగంలో ఆ సూపర్‌చార్జర్‌ను తిప్పడానికే 80 హార్స్‌పవర్ దాకా ఖర్చవుతుంది. అంటే రెండు మారుతీల బలం గాలి ఊదడానికే సరి!

ఈ విద్య మన సీమకూ వచ్చేసింది. పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో 2019లో తయారవడం మొదలైన సెల్టోస్‌లో టర్బో ఉన్న 1.4 లీటర్ల పెట్రోలు రకం సుమారు 138 హార్స్‌పవర్ ఇచ్చింది. లీటరుకు దాదాపు వంద గుర్రాలు. ఆనాటి 6.4 లీటర్ల జీటీఓ లెక్క చూస్తే లీటరుకు యాభయ్యే!

మూడోది... కంప్యూటర్. ఎంత పెట్రోలు చల్లాలి, నిప్పురవ్వ ఏ క్షణంలో పడాలి అన్నది ఇప్పుడు చూసుకునేది ఈసీయూ అనే చిన్న పెట్టె. అందులోని లెక్కలు మార్చడమే 'రీమ్యాప్'. నిప్పురవ్వ కాస్త ముందు పడితే బలం పెరుగుతుంది. మరీ ముందు పడితే పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజను 'టకటక'మని కొట్టుకుంటుంది. అదే నాకింగ్. దాన్ని పట్టించుకోకపోతే పిస్టన్లు పగులుతాయి. దీన్ని ఎక్కువగా తట్టుకునేదే హై ఆక్టేన్ పెట్రోలు. అలాంటి పెట్రోలు అక్కర్లేని ఇంజనులో ఖరీదైనది పోసినా కొత్త గుర్రాలేమీ పుట్టుకురావు.

మోతకు మురిసిపోతే...

పదో తరగతి పాసవగానే బండి, బండి రాగానే సైలెన్సరు... చాలా ఇళ్లలో గొడవ ఇక్కడే మొదలవుతుంది. సైలెన్సరు పీకేస్తే మోత పెరుగుతుంది. బలం పెరిగిందనిపిస్తుంది. కానీ లోపలికొచ్చే గాలీ పెట్రోలూ పాత లెక్కలోనే ఉంటే ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. కొన్ని బండ్లలో తక్కువ వేగం దగ్గర లాగుడు తగ్గుతుంది కూడా. అసలైన ట్యూనర్లు చెవిని నమ్మరు. చక్రాలను రోలర్ల మీద తిప్పి శక్తిని కొలిచే 'డైనో' యంత్రాన్ని నమ్ముతారు. ముందెంత, తర్వాతెంత... కాగితం మీద కనిపించాల్సిందే.

ఇక ఎండ. ఉష్ణోగ్రత 25 డిగ్రీల నుంచి 43కు పెరిగితే గాలి దాదాపు 6 శాతం పలచబడుతుంది. ఆ మేరకు ఇంజనుకు ఊపిరి తగ్గినట్టే. చలిదేశంలో బాగా నడిచిన ట్యూనింగ్ కడప మే నెలలో ఇబ్బంది పెట్టడానికి ఇదో కారణం. టర్బో కార్లలో గాలిని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ పెట్టేదీ అందుకే.

అన్నిటికన్నా ముఖ్యం... ఆగడం. గంటకు వంద కిలోమీటర్ల వేగాన్ని 140కి పెంచితే పెరిగింది నలభయ్యే అనిపిస్తుంది. కానీ బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. ఇంజను పెంచి, బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ అలాగే వదిలేస్తే అది ట్యూనింగ్ కాదు, ప్రమాదం. డాడ్జ్ కంపెనీ చాలెంజర్ శక్తిని పెంచినప్పుడు దానికి తగ్గట్టు బ్రేకులనూ పెంచింది. పది వేలకు సైలెన్సరు మార్చే కుర్రాడు బ్రేకుల సంగతి ఆలోచిస్తున్నాడా?

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన, రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేకుండా చేసిన ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. దీనికి తోడు ప్రమాదం జరిగినప్పుడు మార్పుల సంగతి బయటపడితే బీమా క్లెయిమూ చిక్కుల్లో పడుతుంది.

మరి మోజున్నవాళ్లేం చెయ్యాలి? దారి లేకపోలేదు. చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే లాంటి రేసు ట్రాకులున్నాయి. అక్కడ హెల్మెట్టు, అంబులెన్సు, నిబంధనలు అన్నీ ఉంటాయి. ఇంజను రహస్యాలే ముఖ్యమనుకుంటే అంత దూరం కూడా అక్కర్లేదు. వేంపల్లె మండలంలోనే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఉంది. అక్కడ మెకానికల్ ఇంజినీరింగ్ చదివే పిల్లల్లో పల్లెల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. బోరు దగ్గర తండ్రి వేసిన లెక్కే వాళ్లకు తరగతి గదిలో కొత్త పేర్లతో ఎదురవుతుంది.

లోపల ఎంత ఊరుతోందో చూసుకున్నాకే మోటారు దించాలి. కారైనా, బోరైనా... ఆ మాట మరిచినవాళ్లకు మిగిలేది కాలిన వైండింగే!

గుర్రాల చిట్టా

* మారుతి 800: సుమారు 37
* పాంటియాక్ జీటీఓ (1964): 325, మూడు కార్బ్యురేటర్లతో 348
* మస్టాంగ్ జీటీ (భారత్, 2016): 395. అదే 5 లీటర్ల ఇంజను అమెరికాలో 435
* డాడ్జ్ చాలెంజర్ డెమన్ (2018): బంకులో దొరికే హై ఆక్టేన్ పెట్రోలుతో 808, రేసు పెట్రోలుతో 840
* డెమన్ 170 (2023): ఇథనాల్ ఎక్కువగా కలిసిన ఇంధనంతో 1,025. ఆ ఏడాది చివర్లోనే చాలెంజర్ తయారీ ఆగిపోయింది.