తొలి గోలు విలువ

ఓటమివలన లాభముండునా? జమైకా మహిళల ఫుట్‌బాల్ జట్టు చరిత్రను చూచినచో ఉండుననియే మాకు తోచుచున్నది. ధనములేక చెదరిపోయిన ఆ జట్టును, గాయకుడు బాబ్ మార్లే కుమార్తె సెడెల్లా 2014లో పూనుకొని మరల నిలబెట్టిరి. 2019లో ఫ్రాన్సున జరిగిన ప్రపంచ కప్పు పోటీలలో ఆడిన ఆ జట్టే కరీబియను దీవులనుండి అచటికి చేరిన మొదటి మహిళా జట్టు. మూడాటలును ఓడినది. ప్రత్యర్థులు 12 గోలులు చేయగా, తాను చేసినది ఒక్కటే. ఆస్ట్రేలియాపై దానిని సాధించినది హవానా సొలౌన్.

కొరత తీరలేదు. 2023 పోటీలకై ఆమె తల్లియే చందాలు పోగుచేయవలసివచ్చెను. అయినను ఆ యేడు జమైకా ఫ్రాన్సు, బ్రెజిల్‌లతో సమముగా నిలిచి, పనామాను గెలిచి, మూడాటలలో ఒక్క గోలునైనను ఈయక రెండవ దశకు చేరినది. మొదటి మెట్టుపై తడబడిన వారిని ఆదుకొనుట వ్యర్థము కాదని మనము గ్రహింపవలెను.