మూడు గదుల్లో మామిడికాయ

నూజివీడు చుట్టుపక్కల మామిడికాయ చెట్టు మీద ఉన్నంతకాలం వ్యవసాయం, కత్తిపీట కిందికొస్తే వంట, లారీ ఎక్కితే వ్యాపారం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన హైస్కూలు చదువును మార్చాలని కూర్చున్న పెద్దలు ఈ మూడింటికీ బడిలో చోటిచ్చారు. అది చిన్న సంగతి కాదు. కానీ మూడింటినీ మూడు గదుల్లో పెట్టి, ఒక గదిలో కూర్చున్నవాళ్లు పక్క గదిలోకి తొంగిచూడకుండా తలుపులు వేశారు. ఇంటి చదువు, వ్యాపార చదువు మన బళ్లలో నిలవకపోవడానికి అవి తక్కువ చదువులు కావడం కారణమని అంటుంటారు. అసలు కారణం ఆ తలుపులేనని నా వాదన.

1952 సెప్టెంబరులో కేంద్రం మాధ్యమిక విద్యా కమిషన్‌ను వేసింది. అధ్యక్షుడు మద్రాసు విశ్వవిద్యాలయ వైస్‌ఛాన్సలర్ ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్. మరుసటి ఆగస్టులో నివేదిక ఇచ్చారు. అప్పటికి నూజివీడు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది ఆ అక్టోబరులో. పిల్లలందరినీ ఒకే గాటన కట్టొద్దని చెప్పిన ఆ నివేదిక, ఐచ్ఛిక పాఠాలను ఏడు గ్రూపులు చేసింది. వ్యవసాయం గ్రూపులో తోటల పెంపకం ఉంది. హోమ్‌సైన్స్‌లో గృహ ఆర్థికం, పోషకాహారం-వంట, శిశు సంరక్షణ, ఇంటి నిర్వహణ ఉన్నాయి. కామర్స్‌లో బుక్‌కీపింగ్, వాణిజ్య పద్ధతులు, షార్ట్‌హ్యాండు, టైపు. ఇలా పుట్టినవే మల్టీపర్పస్ హైస్కూళ్లు. నివేదికలో నన్ను ఆపింది ఒక చిన్న నియమం: విద్యార్థి మూడు సబ్జెక్టులు తీసుకోవాలి, మూడూ ఒకే గ్రూపులోంచి. అంటే వంట చదివే పిల్లకు పద్దులు రావు, పద్దులు రాసే పిల్లవాడికి కాయ పాడయ్యే తీరు తెలియదు. తోటల పాఠం చదివినవాడికి ఈ రెండూ లేవు.

ఈ నియమం ఏం చేసిందో ఆవకాయ దగ్గర చూస్తే తెలుస్తుంది. వంద కాయలు కొంటే వందా జాడీలోకి వెళ్లవు. మెత్తబడ్డవి, టెంక ముదరనివి పక్కకు పోతాయి. తడి లేకుండా తుడిచి, టెంకతో సహా కొట్టి, జీడినీ దాని మీది పొరనీ తీసేస్తే మరికాస్త తూకం తగ్గుతుంది. మిగిలిన ముక్కల మీద ఆవపిండి, కారం, ఉప్పు, పప్పునూనె ఖరీదు పడాలి. మూడో రోజు తిరగకలిపి పోసే నూనె కూడా లెక్కలోకి రావాలి. ఉప్పు ముక్కలోని నీటిని లాగుతుందని, పులుపు సూక్ష్మజీవులను ఎదగనివ్వదని, పైన తేలే నూనె గాలిని అడ్డుకుంటుందని హోమ్‌సైన్స్ చెప్పగలదు. ముక్క తరుగు, జాడీ ఖరీదు, రోజంతా పనిచేసిన ఆడమనిషి కూలి కలిపి సేరు పచ్చడి ఎంతకు పడిందో బుక్‌కీపింగ్ చెప్పగలదు. రెండూ ఒకే మనిషికి వస్తేనే ఆ జాడీకి ధర పుడుతుంది. 1955లో వచ్చిన పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వు ప్రకారం పచ్చళ్లు తయారుచేసి అమ్మాలంటే లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది. చట్టం అప్పటికే పచ్చడిని పరిశ్రమగా గుర్తించింది, బడి మాత్రం దాన్ని ఇంటి పనుల గ్రూపులోనే ఉంచింది. చివరికి తెలుగు పచ్చడిని సీసాకెక్కించి దేశమంతా అమ్మిన ప్రియా ఫుడ్స్‌ను 1980లో పెట్టింది అప్పట్లో నూజివీడు ఉన్న కృష్ణా జిల్లాకే చెందిన రామోజీరావు, చిట్‌ఫండ్, పత్రికా వ్యాపారాల నుంచి వచ్చినవాడు.

తోట సంగతీ అంతే. చాలామంది రైతులు కాపును పూత మీదో పిందె మీదో వ్యాపారికి అమ్మేసి అడ్వాన్సు తీసుకుంటారు. అది తెలివితక్కువ బేరమని నేననను. గాలివాన వస్తే నష్టం కొన్నవాడిదే, చేతికి డబ్బు ముందే వస్తుంది. కానీ ఆ ధైర్యానికి రైతు ఎంత చెల్లిస్తున్నాడన్నది లెక్క కడితే తేలే విషయం. మార్కెట్లో సూటు పేరుతో కోసే తూకం, కమీషను, కిరాయి పోగా చిన్నరసం మీద ఎంత మిగిలింది, బంగినపల్లి మీద ఎంత మిగిలిందన్నదీ అంతే. చిట్టా, ఆవర్జా రాయడం నేర్పిన బడి, వాటిని గుమాస్తా కొలువు కోసం నేర్పింది గాని తోట కోసం కాదు.

హోమ్‌సైన్స్ అంటే ఆడపిల్లను మళ్లీ వంటింట్లోకి తోయడమే కదా అన్న అభ్యంతరం బలమైనది. కమిషన్ కూడా ఆడా మగా చదువుల్లో తేడా అక్కర్లేదంటూనే, బాలికల బళ్లలోనూ మిశ్రమ బళ్లలోనూ హోమ్‌సైన్స్‌కు ప్రత్యేక సౌకర్యాలు కోరింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే! 1958లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన స్త్రీవిద్యపై జాతీయ కమిటీ, ఆ తర్వాత హంసా మెహతా కమిటీ కూర్చున్నాయి. 1966లో కొఠారి విద్యా కమిషన్ హోమ్‌సైన్స్‌ను ఆడపిల్లలకు తప్పనిసరి చేయొద్దని చెప్పింది. మంచిదే. అయితే ఆడపిల్లను కట్టేసింది వంట పాఠం కాదు, లెక్క లేని వంట పాఠం. అమెరికాలో 1910లో మేరీ క్రోమర్ అనే పంతులమ్మ సౌత్ కరోలినాలో మొదలుపెట్టిన టమాటా క్లబ్బుల్లో ఆడపిల్లలు తలా ఎకరంలో పదోవంతు సాగుచేసి, కాయను డబ్బాల్లో నిల్వచేసి, అమ్మి, జమాఖర్చులు తామే రాసుకున్నారు. ఆ పని అక్కడ మూడు గదులుగా చీలలేదు.

ఆవకాయ అమ్మమ్మ నేర్పుతుంది, బడెందుకని ఇంకో మాట. అమ్మమ్మ చేతి అంచనా ఇరవై జాడీల వరకు తిరుగులేనిది. రెండువేల సీసాలకు తూకం కావాలి, ప్రతి సీసాలో అదే ఉప్పు ఉండాలి. పైగా అమ్మమ్మ తన కూలిని ఏనాడూ లెక్కలో వేసుకోలేదు.

పిల్లల్ని చదివించేది ఉద్యోగానికి గాని పచ్చడికి కాదన్న తల్లిదండ్రుల మాటను మాత్రం తేలిగ్గా తోసెయ్యలేం. గ్రూపు పాఠాలు ఏ కాలేజీకీ దారితీయనప్పుడు వాళ్లు వెనక్కి లాగడం న్యాయమే. చిన్న వయసులోనే పిల్లల్ని చీల్చొద్దని, పదేళ్లు అందరికీ ఒకే చదువు ఉండాలని కొఠారి కమిషన్ కూడా చెప్పింది. కానీ దాన్ని అమలు చేసినప్పుడు తలుపులు తెరవడానికి బదులు గదులే తీసేశాం. పని అనుభవం పేరుతో ఒక పీరియడ్ మిగిలింది, చాలాచోట్ల దాన్నీ లెక్కల మాస్టారు తీసుకున్నారు. తీసుకుంటే తీసుకున్నారు, ఆ పీరియడ్‌లోనే పిందె మీద అమ్మిన తోట, కాయ మీద అమ్మిన తోట, పచ్చడి పెట్టిన కాయ, మూడింటి లాభనష్టాలనూ ఒకే పేజీలో చేయించవచ్చు. నూజివీడు తొమ్మిదో తరగతికి దానికోసం కొత్త సబ్జెక్టేమీ అక్కర్లేదు.