జబ్బు ఒకరిది, టీకా ఇద్దరిదీ

2020 మార్చి చివర్లో, కుంభకోణం ప్రాంతానికి చెందిన అరవై దాటిన కూలీ ఒకరు క్యాన్సర్‌తో ఉన్న భార్యను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని, నూరు కిలోమీటర్లకు పైగా తొక్కి పుదుచ్చేరిలోని జిప్‌మర్ చేరాడు. లాక్‌డౌన్‌లో బస్సులు లేవు. కీమోథెరపీ తేదీ మాత్రం ఆగదు కదా! ఓపీ మూతపడినా వైద్యులు ఆమెకు చికిత్స చేసి, అంబులెన్సులో ఇంటికి పంపారు.

దేశమంతా దీన్ని ప్రేమకథగానే చదివింది. కానీ ఆ ప్రయాణం తర్వాత ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. కీమో మందు తెల్ల రక్తకణాలను తగ్గిస్తుంది. అలా నీరసించిన మనిషిని మహమ్మారి కాలంలో ఇంట్లో కాపాడుకునేదెలా?

రోగిది రక్త క్యాన్సర్ అయితే ఈ ప్రశ్న మరింత బరువెక్కుతుంది. లుకేమియా, లింఫోమా, మైలోమాలలో చెడిపోయేవి చాలావరకు రోగనిరోధక కణాలే. కంచే చేను మేసినట్టన్నమాట. టీకా వేయగానే యాంటీబాడీల తయారీకి పూనుకోవాల్సిన బి కణాలే ఇక్కడ వ్యాధిగ్రస్తం. పైగా రిటుక్సిమాబ్ వంటి మందులు జబ్బు కణాలతోపాటు మంచి బి కణాలనూ తుడిచేస్తాయి.

దీని ఫలితం ఎలా ఉంటుందో 2021లో ఇజ్రాయెల్ పరిశోధకులు లెక్కగట్టారు. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా ఉన్న 167 మందికి ఫైజర్ టీకా రెండు డోసులూ వేస్తే, యాంటీబాడీలు కనిపించింది 39.5 శాతం మందిలోనే. చికిత్స నడుస్తున్నవారిలో అది 16 శాతం. ఏడాదిలోపు రిటుక్సిమాబ్ తరహా మందు తీసుకున్నవారిలో ఒక్కరికీ రాలేదు. మన దగ్గర ఎక్కువగా వేసినవి కోవిషీల్డ్, కోవాగ్జిన్. ఏ టీకా అయినా బి కణాలు లేనిదే యాంటీబాడీలు రావు. అలాగని రోగికి టీకా దండగ అనుకోకండి. టి కణాలు కొంత ఆదుకుంటాయి, అదనపు డోసుతో కొందరిలో స్పందన మెరుగవుతుంది.

అయినా లోటు లోటే. దాన్ని పూడ్చగలిగింది పక్కనున్న ఆరోగ్యవంతుడి శరీరం. భర్తకు టీకా బాగా పనిచేస్తే, వైరస్ ఇంట్లోకి వచ్చే దారి కొంత మూసుకుంటుంది. మన టీకా కార్యక్రమం మాత్రం రోగినే చూసింది. 2021 మార్చి 1న 45 ఏళ్లు దాటిన దీర్ఘవ్యాధిగ్రస్తులకు టీకా మొదలైనప్పుడు, ఆ వ్యాధుల జాబితాలో లుకేమియా, లింఫోమా, మైలోమా ఉన్నాయి. రోగి భర్తకు నలభై ఏళ్లయితే మే 1 వరకు ఆగాల్సిందే. టీకాలు చాలని రోజులవి, నిజమే. కానీ నా ఉద్దేశంలో ఇలాంటి ఇళ్లలో భార్యాభర్తలను ఒక జంటగా లెక్కించి ఉండాల్సింది.

టీకా రక్షణ నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, వైరస్ రూపం మార్చుకుంటుంది. కాబట్టి మిగతా కాపలా గాలిది. భౌతికశాస్త్రం చదివినందువల్ల కాబోలు, నాకు ఈ లెక్క ఇష్టం. గదిలో గాలి గంటకు రెండుసార్లు మారితే, గాలిలో తేలే కణాలు 99 శాతం పోవడానికి సుమారు 138 నిమిషాలు పడుతుంది. ఆరుసార్లు మారితే 46 నిమిషాలు చాలు. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని తేదు. పుదుచ్చేరిలో మధ్యాహ్నం సముద్రపు గాలి ఎలాగూ వీస్తుంది. ఎదురెదురు కిటికీలు తెరిస్తే పైసా ఖర్చు లేకుండా పని జరుగుతుంది. బజారుకో ఉద్యోగానికో వెళ్లే మనిషికి ఎన్95 మాస్కు ఉండాలి. అతనికి గొంతు గరగరమన్న రోజు నుంచే పడక వేరే గదిలో వేసుకోవాలి, ఇంట్లోనూ ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి. ఫ్లూ టీకా కూడా ఏటా ఇద్దరూ వేయించుకోవడం మంచిది.

ఇంత జాగ్రత్తలోనూ ఒక ప్రమాదం ఉంది. ఆసుపత్రికి వెళితే వైరస్ అంటుతుందన్న భయంతో జ్వరాన్ని ఇంట్లోనే దాచుకోవడం! కీమో ఇచ్చిన వారం, రెండు వారాల మధ్య న్యూట్రోఫిల్ కణాలు బాగా పడిపోతాయి. మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గితే, ఒంట్లో ఉండే మామూలు బ్యాక్టీరియానే గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటప్పుడు ఒళ్లు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే ముందు పారాసెటమాల్ వేసి చూద్దామనుకోకూడదు. ఆసుపత్రి చేరిన గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించాలి. కోవిడ్ పరీక్ష దానితోపాటే జరగొచ్చు, దాని ఫలితం కోసం ఇది ఆగకూడదు.

యానాం కుటుంబాలకు ఇది మరీ ముఖ్యం. పుదుచ్చేరి పాలనలోనే ఉన్నా, అక్కడి నుంచి జిప్‌మర్ దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్లు. కీమో ముగించుకుని ఊరికి బయలుదేరే ముందే, రాత్రి రెండింటికి జ్వరం వస్తే కాకినాడలో ఏ ఆసుపత్రికి వెళ్లాలో డాక్టరును అడిగి, ఫైలు మొదటి పేజీలో రాయించుకోండి.