నాగారం రోడ్ల మీద చిన్న కారు పట్టు

హైదరాబాద్ శివారులోని నాగారం నుంచి ఉప్పల్‌కో నాచారానికో రోజూ తిరిగే చిన్న కారు పరస్పరం పొసగని రెండు అవసరాల మధ్య నలుగుతుంది. కాలనీల్లో స్పీడ్ బ్రేకర్లు, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల దగ్గర లారీల బరువుకు కుంగిన తారు, 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనుల కింద గుంతలు ఒకవైపు ఉండగా, కీసర దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే అదే కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో తొణకకుండా సాగాలి. సస్పెన్షన్‌లో, చక్రాల్లో చేయించే ప్రతి మార్పునూ ఈ రెండింటితో సరిచూడాల్సిందే.

సస్పెన్షన్‌లో స్ప్రింగు బరువును మోస్తుంది. షాకప్ అని మెకానిక్‌లు పిలిచే షాక్ అబ్జార్బరు, తనలోని నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టుతూ, ఆ స్ప్రింగు ఊగిసలాటను అణచివేస్తుంది. 1983 డిసెంబరులో వచ్చిన తొలి మారుతి 800 వెనుక భాగంలో కమాను పట్టీలే ఉండేవి. నేటి చిన్న కార్లలో చాలావాటికి ముందువైపు, 1940లలో అమెరికన్ ఇంజనీరు అర్ల్ మెక్‌ఫర్సన్ రూపొందించిన పద్ధతిలో స్ప్రింగు, షాకప్ కలిసిన ఒకే స్తంభం ఉంటుంది; వెనుకవైపు రెండు చక్రాలనూ కలిపే, మెలిక తిరగగల ఉక్కు దూలం ఉంటుంది.

కారు పట్టు తప్పుతోందని కొత్త సామాను కొనేవారిలో అనేకులకు నిజానికి అవసరమైనది మరమ్మతు మాత్రమే. నూనె కారిన షాకప్, పగిలిన రబ్బరు బుష్‌లు, వదులైన లింక్ రాడ్‌లు, అరిగిన బాల్ జాయింట్లు మార్చి, షాకప్‌లను ఎప్పుడూ జతగానే వేయిస్తే, పదేళ్ల కారు సైతం కొత్తదానిలా నడవడం మెకానిక్‌లందరికీ తెలిసిన సంగతే. ఆపైన ఇంకా గట్టిదనం కోరేవారు, నూనె నురగ కట్టకుండా నైట్రోజన్ నింపిన షాకప్‌లను అసలు స్ప్రింగులతోనే వాడుకోవచ్చు.

తరువాతి స్థానం టైరుది. ఖర్చుకు తగిన ఫలితం ఎక్కువగా కనిపించేదీ ఇక్కడే. టైరు మీది అంకెల్లో మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండవది పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, మూడవది రిమ్ము వ్యాసం అంగుళాల్లో. మారుతి స్విఫ్ట్‌లో కింది రకాలకు 165/80 ఆర్14, పై రకాలకు 185/65 ఆర్15 టైర్లను కంపెనీయే ఇచ్చింది. లెక్క కడితే మొదటిదాని మొత్తం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు, రెండవదానిది 621 పైచిలుకు. అంటే చక్రం ఎత్తు దాదాపు మారకుండానే, స్పీడోమీటరు తప్పు చూపకుండానే, వెడల్పు పెరిగి పక్కగోడ 12 మిల్లీమీటర్లు తగ్గింది. మలుపులో ఆ గోడ తక్కువగా వంగుతుంది కనుక స్టీరింగుకు కారు వెంటనే స్పందిస్తుంది. అందం కోసం 17 అంగుళాల రిమ్ములు తగిలిస్తే మాత్రం గోడ మరీ పలచబడి, గుంత దెబ్బ నేరుగా రిమ్ముకు తగిలి అది సొట్టపోతుంది. పైగా స్ప్రింగు మోయని చక్రపు బరువు పెరిగినకొద్దీ షాకప్‌కు దాన్ని అదుపు చేయడం కష్టమవుతుంది. అలాయ్ చక్రాలు కొనేటప్పుడు బోల్టుల వలయపు కొలతనూ, రిమ్ము ఎంత లోపలికి లేదా బయటికి జరిగి కూర్చుంటుందో తెలిపే ఆఫ్‌సెట్‌నూ సరిచూడకపోతే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది, బేరింగులు త్వరగా పాడవుతాయి.

పొట్టి స్ప్రింగులతో కారును కిందికి దించడం యువతకు ఇష్టమైన మార్పు. బరువు కేంద్రం కిందికి వస్తే కారు తక్కువగా ఒరుగుతుందన్న వాదన పైకి సబబుగానే ఉంటుంది. అయితే మెక్‌ఫర్సన్ పద్ధతిలో కారును దించినప్పుడు అది ఒరిగే ఇరుసు బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి జారి, రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. ఒరుగుదలను పుట్టించే మీట మరింత పొడవవుతుంది. నేలకు 160 మిల్లీమీటర్లే ఎత్తున్న కారును మరో 40 మిల్లీమీటర్లు దించి, నలుగురిని ఎక్కించుకుని నాగారం స్పీడ్ బ్రేకర్ల మీదుగా నడపడం ఇంజిను అడుగుభాగాన్ని పణంగా పెట్టడమే. ఒరుగుదలే బాధ అయితే, రెండు పక్కల చక్రాలనూ కలిపి మెలికతో ప్రతిఘటించే యాంటీ రోల్ బార్‌ను కొంచెం లావుది వేయించడం మేలు, దొరికితే.

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ కూడా మార్పుల గురించి అడుగుతుంది. అదే మోడల్‌కు కంపెనీ ఇచ్చే కొలతకు కట్టుబడటం ఇందువల్ల కూడా తెలివైన పని. ఏ భాగం మార్చినా చక్రాల అలైన్‌మెంట్ మళ్లీ చేయించి, ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో చూపే ముద్రిత కాగితాన్ని అడిగి తీసుకోవాలి, ఎందుకంటే ఆ తిరుగుడు స్వల్పంగా తప్పినా కొత్త టైరు ఒక అంచు కొద్ది నెలల్లోనే నున్నగా అరిగిపోతుంది.